పద్నాలుగో వార్డు తెర మీద లేదు

మా ఏటిమల్లవరం మునిసిపాలిటీ నీటి విభాగంలో ఒక కంప్యూటరు ఉంది. దాని తెర మీద ఎనిమిదేళ్లుగా ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు లేని వస్తువును ప్రభుత్వ కార్యాలయంలో ఎంతోకాలం ఉండనివ్వరు కాబట్టి దాన్ని మార్చేశారు.

పాత తెర గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బూడిద రంగు. మూడు వరసల్లో పద్దెనిమిది గుండ్రటి బటన్లు, ఒక్కోదాని మీద ఒక్కో వార్డు నంబరు. బటను నొక్కితే ఊళ్లో ఎక్కడో భూమి కింద ఉన్న వాల్వు తనంతట తాను తెరుచుకుని ఆ వార్డుకు నీళ్లు పోతాయి. మళ్లీ నొక్కితే ఆగుతాయి. ఆపరేటరు నూకరత్నం ఆ తెర ముందు కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ, తలెత్తకుండానే చెయ్యి చాచి నొక్కేది. మూడో వరసలో రెండోది పద్నాలుగో వార్డు. ఆమె ఇల్లు ఉన్నది కూడా ఆ వార్డులోనే. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆమె వేలు పక్క బటను మీద పడలేదు.

నేను పేర్రాజుని, అదే విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. పైనుంచి వచ్చిన ఏ కాగితాన్నీ ఇంతవరకు అనుమానించి ఎరగను. అందుకే నా సర్వీసు పుస్తకంలో ఒక్క మరకా లేదు. కాబట్టి ఆ సర్క్యులరు వచ్చినప్పుడు కూడా రెండు చేతులా అందుకుని, మూడుసార్లు చదివి, మూడుసార్లూ ఆనందించాను. అందులో ఇలా ఉంది:

"వినియోగదారుల కంటికి ఆహ్లాదము, మనసుకు ప్రశాంతత, వేలికి విశ్రాంతి కలిగించు నిమిత్తము రాష్ట్రములోని సమస్త నీటి తెరలను 'మనోహర తెర'గా పునర్నిర్మించుటకు సంకల్పించడమైనది. పాత తెరపై మక్కువ గల సిబ్బంది తమ మక్కువను మూడు దినములలోగా విడిచిపెట్టవలెను. చేతితో వాల్వు తిప్పుట ఇకమీదట తెరపై అవిశ్వాసము ప్రకటించుటగా పరిగణించబడును."

మూడో రోజున రాజధాని నుంచి తెర శాస్త్ర సలహాదారు భార్గవ్ గారు దిగారు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. చాలా మర్యాదస్తుడు, ఎవరి మీదా గొంతు పెంచడు. మా కమిషనరు చక్రధరరావు గారు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చి, ఆ కంప్యూటరు ముందు కొత్త అల్లుణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. ఓ గంట సేపు ఏదో చేశాక భార్గవ్ గారు పక్కకు జరిగి, "చూడండి" అన్నారు.

చూశాం. తెర నిండా నీలం నీళ్లు. నీళ్ల మీద ఒక బాతు. ఇంకేమీ లేదు.

"బటన్లేవండీ?" అంది నూకరత్నం.

"బటన్లు భయపెడతాయమ్మా. తీసేశాం."

"నన్నెప్పుడూ భయపెట్టలేదండీ."

"మీకు తెలీకుండానే భయపడుతుంటారు. మేం సర్వే చేశాం."

"నన్నెవరూ అడగలేదండీ."

"అడిగితే ఎవరూ నిజం చెప్పరు కదా" అన్నారు భార్గవ్ గారు జాలిగా. "ఇది ఇప్పుడు తెర కాదు, ఒక అనుభవం."

ఆ అనుభవం ఎలా పొందాలో ఆయనే చూపించారు. అడుగున ఉన్న అల మీద వేలు పెట్టి, ఊపిరి తీసుకుని వదిలేంతసేపు ఆగాలి. అల లేస్తుంది. అందులోంచి వార్డులు ఒక్కొక్కటే తేలుతాయి. కావలసినది తేలగానే, అది మళ్లీ మునిగిపోయేలోపు నొక్కాలి. ఎక్కువగా తెరిచే వార్డులు ముందు తేలతాయి, తక్కువగా తెరిచేవి తర్వాత. అన్నిటికంటే తక్కువగా తెరిచే వార్డు మాత్రం అలలో రాదు. అది 'ఇతరములు' అనే ఒక చిన్న చుక్కలో ఉంటుంది. కంటికి విసుగు పుట్టకుండా ఆ చుక్క రోజుకో మూలకు మారుతుంది.

"ఒక్క వార్డు కోసం ఇతరములేంటండీ? దాన్ని కూడా మిగతావాటితో తేల్చేస్తే పోద్ది కదా?"

"డిజైనులో ఇతరములు ఉండాలమ్మా. ఒకటి వెనక ఉంటేనే కదా, మిగతావి ముందున్నట్టు."

నూకరత్నం ముఖంలో రంగు మారింది. "మా పద్నాలుగో వార్డుకి రోజు విడిచి రోజేనండీ నీళ్లు. మెరక కదా, రోజూ ఒత్తిడి చాలదు. మరి అదే వెనక్కెళ్లిపోద్ది కదండీ?"

"వెళ్తుంది" అన్నారు భార్గవ్ గారు మెరిసే కళ్లతో. "మీకు భలే త్వరగా అర్థమైంది."

కమిషనరుగారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మధ్యాహ్నం అందరికీ శిక్షణ, ఉప్మా, ఫొటోతో సహా సర్టిఫికెట్టు ఇచ్చారు. నూకరత్నం సర్టిఫికెట్టులో ఆమె పేరు 'అనుభవ సంధాత్రి' అనే హోదా కింద ఉంది. ఇంటికి తీసుకెళ్లి ఎవరికి చూపించాలో తెలీక బల్ల సొరుగులో పెట్టేసింది.

మొదటి వారంలో ఊరికి నీళ్లయితే వచ్చాయి. ఎవరికి రావాలో వాళ్లకి రాలేదు, అంతే. ఎనిమిదేళ్ల అలవాటు వేళ్లలో ఉంది కదా, నూకరత్నం చెయ్యి పాత చోటుకే పోయేది. సరిగ్గా అక్కడే, సరిగ్గా ఆ క్షణానికి మూడో వార్డు తేలేది. మూడో వార్డంటే ఆఫీసర్ల కాలనీ, కమిషనరుగారి బంగళా ఉన్న చోటు. దానికి పొద్దున ఒకసారి పొరపాటున, సాయంత్రం ఒకసారి నియమం ప్రకారం నీళ్లు వెళ్లాయి. రెండుసార్లు తెరిచారు కాబట్టి అది ఎక్కువ వాడిన వార్డయింది. ఎక్కువ వాడింది కాబట్టి ముందుకొచ్చింది. ముందుకొచ్చింది కాబట్టి వేలికి ఇంకా తేలిగ్గా తగిలింది. పదిహేను రోజులు తిరిగేసరికి ఆఫీసర్ల కాలనీకి రోజుకు నాలుగుసార్లు నీళ్లు. కార్లు కడిగారు, కుక్కల్ని కడిగారు, ప్రహరీలు కడిగారు. కడగడానికి ఏమీ మిగలక ఒక ఇంజనీరుగారు వాళ్ల వీధిలో తారురోడ్డు కడుగుతుంటే నేను కళ్లారా చూశాను.

అటు పద్నాలుగో వార్డుకి రోజు విడిచి రోజు కాస్తా మూడు రోజులకు ఒకసారయింది.

నూకరత్నం ఊరుకునే మనిషి కాదు. ఒకరోజు పర్సులోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. ఏ వార్డు ఎక్కడ తేలుతోందో కనిపెట్టి అక్కడ అద్దం మీద ఒక్కో రంగు బిళ్ల అతికించింది. ఆ రోజు 'ఇతరములు' చుక్క ఉన్న మూలకి మాత్రం నుదుటిమీద తను పెట్టుకునే మెరూన్ రంగు బిళ్ల. "ఇంక చూస్కోండి పేర్రాజుగారూ, కళ్లు మూసుకుని నొక్కేస్తాను" అంది. మర్నాటికి చుక్క ఇంకో మూలకి వెళ్లిపోయింది. ఆమె మెరూన్ బొట్టు మీద నమ్మకంగా నొక్కింది. బాతు రెక్కలు ఆడించింది.

బొట్లు పెట్టిన తెరని కమిషనరుగారు రౌండ్సుకి వచ్చినప్పుడు చూశారు. మెమో ఇచ్చారు. "ప్రభుత్వ తెరకు బొట్టు పెట్టుట భక్తిపరమైన చర్యయా, సాంకేతిక చర్యయా, అలంకరణ చర్యయా అన్నది మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను" అని. నూకరత్నం ఒక్క వాక్యంలో జవాబు రాసిచ్చింది: "వెతుక్కునే చర్య అండి."

ఆ సంజాయిషీని, దానికి జతచేసిన తెర ఫొటోని నియమం ప్రకారం నేను రాజధానికి పంపాను. ఎంత పొరపాటు చేశానో వారం తర్వాత తెలిసింది. ఫొటో చూసిన భార్గవ్ గారికి కళ్లు చెమర్చాయట. ఫోన్లో గొంతు వణుకుతోంది. "పేర్రాజుగారూ, ఒక మారుమూల ఊళ్లో ఒక సామాన్య మహిళ మా తెరని ఇంత ప్రేమగా అలంకరించుకుంటుందని కలలో కూడా అనుకోలేదండీ. స్థానిక సంస్కృతి! దీన్ని మేం వృథా పోనివ్వం."

పోనివ్వలేదు. రెండో విడత మనోహర తెర వచ్చింది. అందులో నీళ్ల మీద నలభై బొట్లు, రకరకాల రంగుల్లో, తేలుతూ ఉంటాయి. అవి దేనికీ కావు, అలంకారం మాత్రమే. నొక్కితే 'ధన్యవాదాలు' అంటాయి. నూకరత్నం తన బిళ్లలేమో అనుకుని మొదట గోటితో గీకింది. తర్వాత 'ఇతరములు' చుక్క కోసం వెతికింది. నలభై బొట్ల మధ్య ఒక చుక్క. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కోదాన్నీ నొక్కుతూ కూర్చుంది. గదిలో ధన్యవాదాలు, ధన్యవాదాలు అని ఒకటే మోత. ఇన్నేళ్ల సర్వీసులో మా ఆఫీసులో అన్ని ధన్యవాదాలు నేనెప్పుడూ వినలేదు.

చుక్క దొరక్కుండానే పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున తెర మీద ఒక చిన్న కబురు కనిపించింది: "పది రోజులుగా మీరు వాడని ఒక వార్డును మీ సౌకర్యార్థం తొలగించాము. ఇక మీ తెర మరింత తేలిక!"

నూకరత్నం కుర్చీలోంచి లేచి నుంచుంది. "మా వార్డు తీసేశారండీ" అంది. పైనుంచి వచ్చిన కబురు కదా, "మీ సౌకర్యార్థం అని ఉంది కదమ్మా" అన్నాను. ఆవిడ చూసిన చూపు నేను ఇక్కడ రాయను. భార్గవ్ గారికి ఫోను కలిపి ఆమె చేతికిచ్చాను. స్పీకరు పెట్టింది కాబట్టి అంతా విన్నాను.

"సార్, పద్నాలుగో వార్డు కనపట్టం లేదండీ."

"అవునమ్మా, వాడకపోతే తెర విశ్రాంతినిస్తుంది."

"విశ్రాంతి ఎవరిక్కావాలండీ? మాకు నీళ్లు కావాలి. మళ్లీ ఎలా తెప్పించడం?"

"చాలా సులువు. ఆ వార్డుని మళ్లీ బాగా వాడండి, దానంతటదే వచ్చేస్తుంది."

"వాడాలంటే కనపడాలి కదండీ?"

"కనపడాలంటే వాడాలమ్మా."

తర్వాత ఆయనే, "ఇందులో మీకు ఏ భాగం అర్థం కాలేదు?" అని ఎంతో ఓపిగ్గా అడిగారు.

పద్నాలుగో వార్డులో నాలుగువందల పన్నెండు ఇళ్లు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లు, బట్టలకీ గిన్నెలకీ సరిపోతాయి గానీ గొంతు దిగవు. తాగే నీళ్లకి మునిసిపల్ కుళాయి ఒక్కటే దిక్కు. అది ఎండిపోయేసరికి జనం కిలోమీటరు దూరంలో పదమూడో వార్డు కుళాయికి పోయి నుంచున్నారు. పదమూడో వార్డు వాళ్లు రెండు రోజులు జాలిపడ్డారు, మూడో రోజు తిట్టారు, నాలుగో రోజు బిందెలు విసిరేశారు. అక్కడినుంచి ఖాళీ బిందెలతో తిరిగొచ్చినవాళ్లంతా వెళ్లింది నూకరత్నం ఇంటికే. పొద్దున ఆమె ఆఫీసుకి బయలుదేరేసరికి గుమ్మం ముందు బిందెల వరస ఉండేది.

"నొక్కవా? నొక్కలేవా? అదొక్కటి చెప్పవే రత్నం" అని నిలదీసింది ఎదురింటి సూరాయమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులతో రోజూ ఆ కిలోమీటరూ నడుస్తోంది.

"లేదు మామ్మా. నొక్కడానికి అక్కడ మన వార్డే లేదు."

"ఎక్కడికెళ్లిందే? మనం ఇక్కడే ఉన్నాం కదా!"

ఈ సంగతి నూకరత్నం నాకు చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఎనిమిదేళ్లుగా ఆ వీధికి నీళ్లిచ్చిన చెయ్యి తనదని, ఇప్పుడు ఆ చేత్తోనే వాళ్ల గొంతు ఎండగట్టినట్టు అందరూ చూస్తున్నారని అంది. నేను ఓదార్చే మాట కోసం వెతికాను గానీ, సర్క్యులర్లలో అలాంటి మాట ఏదీ దొరకలేదు.

"ఫిర్యాదు పెట్టించమ్మా" అన్నాను చివరికి. ఫిర్యాదులు కూడా ఇప్పుడు తెరలోనే స్వీకరిస్తారు. సూరాయమ్మ, ఇంకో యాభై మంది ఆఫీసుకొచ్చారు. ఫిర్యాదు పేజీ తెరిచాను. మొదట వార్డు ఎంచుకోమంది. జాబితాలో పదమూడు ఉంది, పదిహేను ఉంది. పద్నాలుగు లేదు.

"మీ వార్డు నుంచి ఫిర్యాదు తీసుకోవడం కుదరదండీ" అని చెప్పి పంపేశాను. ఆ వాక్యం పలికింది నేనే.

నెలాఖరు సమీక్షలో కమిషనరుగారు తెర ఇచ్చిన లెక్క చదివారు. మొదటి వార్డు, ముప్పై ఒక్క ఫిర్యాదులు. రెండో వార్డు, ఇరవై ఆరు. ఆఫీసర్ల కాలనీ నుంచి కూడా రెండు వచ్చాయి: నీళ్లు మరీ ఎక్కువవుతున్నాయి, పచ్చిక కుళ్లిపోతోంది అని. పద్నాలుగో వార్డు పేరే లెక్కలో లేదు, అంటే సున్నా.

"సున్నా!" అన్నారు కమిషనరుగారు, కళ్లజోడు తీసి. "చూశారా పేర్రాజుగారూ? మనోహర తెర పట్ల సంపూర్ణ సంతృప్తి ప్రకటించిన ఏకైక వార్డు. రాష్ట్రం మొత్తమ్మీద ఇంకోటి ఉండదు. దీన్ని మనం గౌరవించుకోవాలి."

"సార్, అక్కడ నీళ్లు రావట్లేదండి" అన్నాను. ఇన్నేళ్లలో పై అధికారి మాటకి నేను అడ్డు చెప్పడం అదే మొదటిసారి.

"నీళ్లు వేరు, సంతృప్తి వేరు. మీరు రెండు విభాగాల్ని కలిపేస్తున్నారు."

అలా పద్నాలుగో వార్డు మొదట్లో, రోడ్డు పక్కన, 'సంపూర్ణ సంతృప్తి వార్డు' అని బంగారు రంగు అక్షరాలతో బోర్డు లేచింది. ఆవిష్కరణకి భార్గవ్ గారిని పిలిచారు. సభలో ఆయన తెర మీద నొక్కుతారు, పక్కనే పూలు చుట్టిన కుళాయిలోంచి నీళ్లు దూకుతాయి, ఇదీ కార్యక్రమం. నొక్కడానికి తెర మీద ఆ వార్డే లేదని గుర్తు చేస్తే కమిషనరుగారు, "అది సాంకేతిక విషయం. సభాకార్యక్రమం వేరు" అన్నారు.

మా ఆఫీసులో దానియేలు అని ఒక ఫిట్టరు ఉన్నాడు. పాతికేళ్లుగా ఊళ్లో వాల్వులన్నీ ఆయన చేతుల మీదే నడిచాయి. కంప్యూటరు వచ్చాక కూడా, వాల్వు మోటారు పనిచెయ్యకపోతే చేత్తో తిప్పడానికని ఆయన దగ్గర ఒక పొడుగాటి ఇనప తాళంచెవి ఉండేది. సర్క్యులరు వచ్చాక దాన్ని చేతపట్టుకోవాలంటేనే ఆయనకు భయం. సభ రోజు పొద్దున నూకరత్నం ఆయన దగ్గరికెళ్లింది. నేను హాజరు పుస్తకం రాసుకుంటూ విన్నాను.

"బాబాయ్, పది గంటలకి మా వార్డు వాల్వు తిప్పెయ్యి."

"ఉజ్జోగం పోద్దే అమ్మా. అవిశ్వాసమంట, కాయితంలో రాసేరు."

"పోతే నాది పోద్ది. నేనే తిప్పమన్నానని రాసిస్తాను, ఉంచుకో."

నిజంగానే కాగితం తీసి రాసింది. దానియేలు ఆ కాగితాన్ని చదవలేదు. మడిచి జేబులో పెట్టుకుని, తాళం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను చూడలేదన్నట్టు హాజరు పుస్తకం పేజీ తిప్పాను.

సభలో భార్గవ్ గారు చక్కగా మాట్లాడారు. నీరు ప్రవాహమని, తెర ప్రవాహమని, వినియోగదారుడే ప్రవాహమని అన్నారు. ఒడిలో పెట్టుకున్న లాప్‌టాప్ తెర మీద దేనిమీదో నొక్కారు. కుళాయి ఒకసారి దగ్గింది. తర్వాత నీళ్లు దూకాయి. వేదిక మీద ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కింద ఉన్నవాళ్లు కొట్టలేదు, వాళ్ల చేతుల్లో బిందెలున్నాయి. రెండు నిమిషాల్లో సభ ఖాళీ. ప్రతి వాకిట్లో కుళాయి పారుతోంది. బిందెలు, బకెట్లు, డేగిశాలు, ఆఖరికి ఇడ్లీపాత్రలు కూడా నింపారు. గంటా ఇరవై నిమిషాలు నీళ్లొచ్చాయి. సూరాయమ్మ కుళాయి కింద దోసిలి పట్టి తాగుతూ, మధ్యమధ్య ఆగి, ఎవరో ఆపేస్తారేమోనని అటూ ఇటూ చూస్తోంది.

మర్నాడు తెర తన లెక్క పంపింది. సభలో భార్గవ్ గారు నొక్కినప్పుడు తెరుచుకున్నది మూడో వార్డు. పద్నాలుగో వార్డుకి తెర చుక్క నీరు కూడా వదల్లేదు. కాని అక్కడ నీళ్లు పారినట్టు ఫొటోలున్నాయి. తెరకు తెలియకుండా నీళ్లు పారడానికి వీల్లేదు. పారాయి కాబట్టి అది నేరం.

దానియేలు తాళాన్ని స్వాధీనం చేసుకుని బీరువాలో పెట్టి సీలు వేశారు. నూకరత్నానికి సస్పెన్షను ఎందుకు చెయ్యకూడదో చెప్పమని మెమో ఇచ్చారు. నాలుగువందల పన్నెండు ఇళ్లకీ నోటీసులు వెళ్లాయి. కమిషనరుగారు చెబుతుంటే రాసింది నేనే:

"పూర్వపు పద్నాలుగవ వార్డు నివాసులకు తెలియజేయడమేమనగా, తెర విడుదల చేయని నీటిని తమరు పట్టుకొనియున్నారు. అట్టి నీరు అనధికార నీరు. సదరు నీటిని మూడు దినములలోగా కార్యాలయమునకు తిరిగి అప్పగించి రసీదు పొందవలెను. తాగివేసిన యెడల ఆ మేరకు హామీపత్రము దాఖలు చేయవలెను. లేనిచో కుళాయి కనెక్షను తొలగించబడును."

నీళ్లు తిరిగి తీసుకోవాలంటే దాన్నీ తెరలోనే నమోదు చెయ్యాలి. భార్గవ్ గారు ఒక్కరోజులో 'తిరుగు నీరు' అనే పేజీ తయారుచేసి పంపారు. ఆ పేజీకి వార్డు పేరు కావాలి. అందుకని పద్నాలుగో వార్డుని మళ్లీ జాబితాలో చేర్చారు. నీళ్లివ్వడానికి నెలన్నర పాటు కనపడని వార్డు, నీళ్లు లాక్కోవడానికి ఒక్క పూటలో కనపడింది. నూకరత్నం ఆ పేరుని చూసి, వేలితో తెర మీద మెల్లగా తాకింది. కాని అది 'తిరుగు నీరు' పేజీలో మాత్రమే ఉంది. అక్కడ నొక్కితే నీళ్లు రావు, రసీదు వస్తుంది.

మూడో రోజు పొద్దున్నే ఆఫీసు వరండాలో వరస మొదలైంది. గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లింది. వరండాలో ఒక పెద్ద డ్రమ్ము, దాని పక్కన నా బల్ల, నా పక్కన నూకరత్నం తెర. జనం బిందెలెత్తి డ్రమ్ములో పోసేవారు, నేను కొలత చెప్పేవాణ్ణి, ఆమె నమోదు చేసేది. ఎవరూ గొడవ చెయ్యలేదు. గొడవ చేస్తే నేను తట్టుకునేవాణ్ణి. ఉప్పునీటి బోరున్న వీధిలోంచి మంచినీళ్లు మోసుకొచ్చి, తొణక్కుండా జాగ్రత్తగా నా ముందు పారబోసి, రసీదు అడిగి తీసుకుని వెళుతున్నారు.

సూరాయమ్మ ఒక చెంబు తెచ్చింది. అందులో సగానికే ఉన్నాయి.

"ఇయ్యే మిగిలినయ్యండీ. మిగతాయి తాగేసాను" అంది, తప్పు చేసినదానిలా.

"తాగింది ఎంతో రాయాలమ్మా. ఎన్ని చెంబులు?"

"దాహమేసినప్పుడల్లా తాగేనండీ. లెక్కెట్టుకోలేదు. చమించండి."

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎన్ని నోటీసులు రాశానో నాకు గుర్తులేదు గానీ, నేను రాసిన నోటీసు చదివి ఒక ముసలమ్మ నీళ్లు తాగినందుకు క్షమాపణ చెప్పడం మాత్రం అదే మొదటిసారి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. 'తాగినది: సున్నా' అని రాసి రసీదు చింపి ఇచ్చాను. నా సర్వీసులో నేను రాసిన మొదటి అబద్ధం అది.

మధ్యాహ్నం రెండు గంటలు దాటాక నూకరత్నం నా మోచెయ్యి తట్టింది. తెర వైపు చూడమని సైగ చేసింది. 'తిరుగు నీరు' పేజీ పక్కకు జరిపి అసలు తెర తెరిచి ఉంచింది. బాతు ఉంది. నలభై బొట్లున్నాయి. అల మీద వేలు పెట్టి ఆగింది. అల లేచింది. అందులోంచి అన్నిటికంటే ముందు, అన్నిటికంటే పెద్దగా, పద్నాలుగో వార్డు తేలింది.

అప్పుడు అర్థమైంది. తెరకి నీళ్లివ్వడం, తీసుకోవడం అనే తేడా లేదు. పొద్దుట్నుంచి ఆ వార్డు పేరు మీద రెండువందల ముప్పైసార్లు నొక్కాం. ఊళ్లో అంత ఎక్కువగా వాడిన వార్డు ఇంకోటి లేదు. తెర మమ్మల్ని చూసి నేర్చుకుంది.

నూకరత్నం నొక్కింది.

పావుగంట తర్వాత వరస చివర్న కేక వినపడింది. "నీళ్లొచ్చినయ్యంట! కుళాయిల్లో నీళ్లొచ్చినయ్యంట!" వరస విరిగిపోయింది. పొయ్యడానికి తెచ్చిన బిందెలు ఎత్తుకుని జనం వెనక్కి పరుగు. దీన్ని ఎవరూ తప్పుపట్టలేకపోయారు. తెర చూపించింది, ఆపరేటరు నొక్కింది, వాల్వు తెరుచుకుంది. అంతా సర్క్యులరు ప్రకారమే జరిగింది. మెమో వెనక్కి తీసుకున్నారు.

మర్నాడే పద్నాలుగో వార్డు పెద్దలు నా దగ్గరికొచ్చారు. "నీళ్లు తిరిగివ్వడం ఆపేస్తే మళ్లీ ఎనక్కెళ్లిపోద్దా అండీ?" అని అడిగారు. వెళ్లిపోతుందన్నాను. మూడో వార్డుని దాటి ముందుండాలంటే రోజుకు ఎన్నిసార్లు కావాలో నూకరత్నం లెక్క కట్టింది. నలభై. ఆ ప్రకారం ఇళ్లకి వంతులు వేసుకున్నారు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే నలభై ఇళ్ల నుంచి నలభై మంది తలో చెంబుడు నీళ్లు తెచ్చి మునిసిపాలిటీకి అప్పగిస్తారు, నేను నలభై రసీదులు రాస్తాను. డ్రమ్ములో నీళ్లు సాయంత్రం కమిషనరుగారి తోటకి పోతాయి.

ఈ సంవత్సరం నివేదికలో మా ఊరి గురించి ఒక పేరా రాశారు. పౌరులు తమంత తాముగా ప్రభుత్వానికి ప్రతిరోజూ నీరు తిరిగి ఇస్తున్న ఏకైక పట్టణం ఏటిమల్లవరమని, ఇది మనోహర తెర పెంచిన పౌరచైతన్యమని, మిగతా పట్టణాలకు కూడా విస్తరింపజేస్తామని ఉంది. భార్గవ్ గారికి పదోన్నతి వచ్చింది.

ఇవాళ నూకరత్నం ఇంటి వంతు. పొద్దున్నే ఇంటి నుంచి స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చి వరసలో నిలబడింది. తన వంతు రాగానే డ్రమ్ములో పోసింది. నేను రసీదు రాసిచ్చాను. దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, తన సీట్లో కూర్చుని నొక్కింది.